'మోలీస్ గేమ్' చూడాలా, 'రౌండర్స్' చూడాలా? పేకాట, అప్పు, కోర్టు కలిసిన 5 సినిమాల్లో మీకు సరిపడేది ఏది

"జూదం మీద మంచి సినిమా ఒకటి చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు ఒక మాట అడుగుతాను: ఆ బల్ల దగ్గర మీరు ఏ కుర్చీలో కూర్చుని చూద్దామనుకుంటున్నారు? ఆట పెట్టించేవాళ్ల కుర్చీలోనా, ఆడేవాడి కుర్చీలోనా, నిండా మునిగినవాడి కుర్చీలోనా? డబ్బు అదే, ముక్కలు అవే. కుర్చీ మారితే మాత్రం సినిమా పూర్తిగా వేరే అయిపోతుంది.

ఇది తెలియక చాలామంది నిరాశపడటం చూశాను. పోకర్ ఎత్తుగడలు చూద్దామని 'మోలీస్ గేమ్' పెట్టుకుని, కథానాయిక ఒక్క ముక్క కూడా ఆడకపోవడం చూసి మధ్యలో ఆపేసినవాళ్లు ఉన్నారు. ప్రశాంతంగా చూద్దామని 'అన్‌కట్ జెమ్స్' మొదలుపెట్టి, తలనొప్పితో లేచినవాళ్లూ ఉన్నారు. రెండూ గొప్ప సినిమాలే. తప్పల్లా జతపరచడంలో జరిగింది. అందుకే ఈ పోలిక. ఐదు సినిమాల ముగింపులూ ఇందులో చెప్పడం లేదు, ధైర్యంగా చదవండి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మాటల వేగం. మనలాంటి ప్రేక్షకులకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మనలో చాలామంది ఇంగ్లిష్ సినిమాను సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూస్తాం. మాట నిమిషానికి ఒక మలుపు తిరుగుతుంటే కన్ను కింది గీత మీదే ఉండిపోతుంది, నటుల ముఖాలు చేజారిపోతాయి. 'మోలీస్ గేమ్' మొదటి ఐదు నిమిషాలను నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మూడోసారికి గానీ ఆ వేగంలో ఉన్న అందం దొరకలేదు. దొరికాక మాత్రం వదల్లేకపోయాను.

ఆట ఎంత తెలియాలి. మనకు అలవాటైన రమ్మీలో పదమూడు ముక్కలు చేతికొస్తాయి, వాటిని సెట్లుగా, సీక్వెన్సులుగా పేర్చుకుంటాం. ఈ సినిమాల్లో కనిపించే పోకర్‌లో చేతికి రెండే ముక్కలు. బల్ల మధ్యలో ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా పరుస్తారు. ఆ ఏడింటిలోంచి మంచి ఐదు ఏరుకోవాలి. ముక్కలు తెరుచుకునే కొద్దీ పందెం పెంచుకుంటూ పోవచ్చు, భయపడితే చేయి, అంటే చేతిలోని ముక్కలు, పడేసి తప్పుకోవచ్చు. అంటే చేతిలో ఏమీ లేనివాడు కూడా పెద్ద పందెం కాసి అవతలివాణ్ణి బెదరగొట్టి గెలవగలడు. రమ్మీకీ దీనికీ ఉన్న అసలు తేడా అదే. ఇంతమాత్రం తెలిస్తే ఐదు సినిమాలూ అర్థమవుతాయి.

చట్టం పాలు. కొన్నిటిలో లాయరు సగం సినిమా ఉంటాడు. కొన్నిటిలో పోలీసు ఛాయలు కూడా కనబడవు, వెంటపడేది అప్పులవాళ్లే.

ఎవరితో కూర్చుని చూస్తారు. ఈ ఐదూ పెద్దవాళ్ల సినిమాలే, బూతు మాటలు అన్నిటిలోనూ ఉన్నాయి. అయితే బూతు వేరు, తల తిప్పుకోవాల్సిన హింస వేరు. అది కింద విడిగా చెప్తాను.

| సినిమా | ఏడాది | నిడివి (నిమిషాలు) | ఎవరి కుర్చీ | మాటల వేగం | చట్టం పాలు | టెన్షన్ |
|---|---|---|---|---|---|---|
| మోలీస్ గేమ్ | 2017 | 140 | ఆడించే మనిషి | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం |
| రౌండర్స్ | 1998 | 121 | ఆటగాడు | మామూలు | తక్కువ | మధ్యస్థం |
| అన్‌కట్ జెమ్స్ | 2019 | 135 | అప్పులపాలైనవాడు | ఎక్కువ, ఒకరి మీద ఒకరు | దాదాపు లేదు | భరించలేనంత |
| క్యాసినో | 1995 | 178 | యజమానుల తరఫున నడిపేవాడు | ఎక్కువ | ఎక్కువ | మెల్లగా పెరుగుతుంది |
| ఓనింగ్ మహోనీ | 2003 | 104 | వ్యసనపరుడు | తక్కువ | మధ్యస్థం | లోపల్లోపల |

## మోలీస్ గేమ్: మాటలే పందెం

రాసిందీ తీసిందీ ఆరన్ సోర్కిన్. రచయితగా ఎంతో పేరున్న ఆయన దర్శకుడిగా తీసిన మొదటి సినిమా ఇది. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. కథ నిజంగా జరిగిందే. మోలీ బ్లూమ్ కొలరాడోలో పెరిగిన స్కీయింగ్ క్రీడాకారిణి. ఆట వదిలేశాక లాస్ ఏంజెలెస్ చేరి, సినిమా తారలూ శ్రీమంతులూ ఆడే రహస్య పోకర్ ఆటలను నడిపింది, ఆ తర్వాత న్యూయార్క్‌లో అంతకంటే పెద్ద బల్ల పెట్టింది. 2013 ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. 2014లో ఆమె రాసుకున్న పుస్తకమే ఈ సినిమాకు ఆధారం.

జెస్సికా చాస్టెయిన్ మోలీగా, ఇద్రిస్ ఎల్బా లాయరు చార్లీ జాఫీగా చేశారు. లాయరు పాత్ర కల్పితం. వాళ్లిద్దరూ ఆఫీసు గదిలో ఎదురెదురుగా కూర్చుని వాదించుకునే సన్నివేశాలే ఈ సినిమాలో ఫైట్లు. నీ దగ్గరున్న హార్డ్ డ్రైవులు ప్రభుత్వానికి ఇచ్చెయ్, నీ ఆటగాళ్ల గుట్టంతా వాటిలో ఉంది, నువ్వు బయటపడతావు అని లాయరు పోరుతుంటాడు. ఆమె ససేమిరా అంటుంది. వాళ్ల భార్యాపిల్లల బతుకులు బజారున పడతాయని ఆమె బాధ. సొంత డబ్బంతా ప్రభుత్వం జప్తు చేసుకుని, చేతిలో పైసా లేని మనిషి ఆ మాట మీద నిలబడుతుంది. నాకు ఈ సినిమా మీద ఉన్న ప్రేమంతా అక్కడే ఉంది.

ఇందులోని చట్టం ముడి మన తెలుగువాళ్లకు బాగా దగ్గర. మోలీ చాలాకాలం ఆటగాళ్లు ఇష్టపడి ఇచ్చే టిప్పులతోనే సరిపెట్టుకుంది. తర్వాత అప్పు మీద ఆడేవాళ్లు పెరిగారు, వసూలు కాకపోతే ఆ భారం ఆమెదే. అప్పుడు బల్ల మీద పోగైన పందెం సొమ్ములోంచి కొంత శాతం కమీషన్ తీయడం మొదలుపెట్టింది. నేరం అక్కడ పుట్టింది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు కేసులో 1967లో మన సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా దీనికి చుట్టమే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంటూనే, క్లబ్బు నడిపేవాళ్లు పందెం ఆటలోంచి లాభం గుంజుతున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిలుస్తుందని ఆ తీర్పులో ఉంది. ఆ తర్వాత మన చట్టాలు ఇంకా బిగిశాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. బల్ల దగ్గర ఆడేవాడి కంటే ఆడించి శాతం తీసేవాళ్ల మీద చట్టం కన్ను ఎందుకు పడుతుందో మోలీ కథ చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

దీన్ని మా బాబాయితో కలిసి చూశాను. ఆయన ఒకప్పుడు క్లబ్బుల్లో రమ్మీ గట్టిగా ఆడిన మనిషి, మానేసి పన్నెండేళ్లయింది. సినిమాలో హార్లన్ అనే ఆటగాడు ఉంటాడు. నెమ్మదస్తుడు, లెక్క ప్రకారం ఆడతాడు, రోజూ కొంత గెలుచుకుని ఇంటికెళ్లిపోతాడు. ఒక రాత్రి బ్రాడ్ అనే ఆట రాని మనిషి తిక్కగా కాసిన పందానికి మోసపోయి, గెలిచే ముక్కలు చేతిలో ఉండగానే పడేస్తాడు. అవతలివాడి చేతిలో ఏమీ లేదని తెలిశాక అతని ముఖం మారిపోతుంది. ఆ క్షణం నుంచి లెక్క పోయింది. ఓడిన కొద్దీ ఇంకా కాస్తాడు. బాబాయి రిమోట్ అందుకుని ఆపేశారు. కాసేపు తెర వంక చూస్తూ ఉండి, "పోయినదాన్ని రాబట్టాలని కూర్చున్నోడు తెల్లారేదాకా లేవడమ్మా" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే మళ్లీ ప్లే నొక్కారు.

ఎవరికి: మాటల సినిమాలు, కోర్టు వాదనలు ఇష్టమైనవాళ్లకి. తండ్రీకూతుళ్ల కథలు ఇష్టమైనవాళ్లకి కూడా. కెవిన్ కాస్ట్నర్ చేసిన తండ్రి పాత్ర, మంచు మీద స్కేటింగ్ చేసే చోట బెంచీ మీద ఆయన కూతురితో మాట్లాడే సన్నివేశం మనసులో ఉండిపోతాయి. కొందరికి అక్కడ తండ్రే వచ్చి అంతా విడమరిచి చెప్పేయడం నచ్చదు. నాకు నచ్చింది. పెద్ద పిల్లలున్న ఇంట్లో ఈ ఐదింటిలో చూడదగ్గది ఇదే, కాకపోతే మోలీ ఇంట్లోకి చొరబడి ఆమెను కొట్టే సన్నివేశం ఒకటి ఉంది, అది కఠినంగా ఉంటుంది.

ఎవరికి వద్దు: రోజంతా పనిచేసి అలసిపోయి, సగం నిద్రలో చూసేవాళ్లకి. కథ మూడు కాలాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది, రెండు నిమిషాలు కునుకు తీస్తే దారి తప్పుతారు.

## రౌండర్స్: ఆటను ప్రేమించేవాళ్లకి

ముక్కల మీద మోజు ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, ఇది చూడండి. మాట్ డేమన్ న్యూయార్క్‌లో లా చదివే కుర్రాడు మైక్. సినిమా మొదట్లోనే ఒక్క ఆటలో 30,000 డాలర్లు పోగొట్టుకుని ఇక ఆడనని ఒట్టు పెట్టుకుంటాడు. వర్మ్ అనే పాత స్నేహితుడు, అంటే ఎడ్వర్డ్ నార్టన్, జైలు నుంచి వస్తాడు, అప్పులతో. ఐదు రోజుల్లో 15,000 డాలర్లు కట్టాలి.

మోలీలో ఆట దూరంగా ఉంటుంది. ఇక్కడ మీ చేతిలోనే ఉంటుంది. మైక్ ఏం ఆలోచిస్తున్నాడో అతని గొంతులోనే వింటాం. జాన్ మాల్కోవిచ్ చేసిన టెడ్డీ కేజీబీ అనే రష్యన్ జూదగాడు ఆడుతూ ఓరియో బిస్కెట్లు తింటుంటాడు. బిస్కెట్‌ను చెవి దగ్గర పెట్టి రెండుగా విడదీస్తాడు. ఆ అలవాటులో మైక్‌కు ఒక రహస్యం దొరుకుతుంది. అవతలివాడి ముక్కల కంటే ముందు మనిషిని చదవాలన్న సంగతిని ఇంత చిన్న వస్తువుతో చూపించిన సినిమా నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు.

లా కాలేజీ ఉంది గదా అని కోర్టు గొడవ ఆశించకండి. చట్టం ఇక్కడ మైక్ వదులుకోబోయే జీవితంగా మాత్రమే ఉంటుంది. మార్టిన్ లాండావు చేసిన ప్రొఫెసర్ పాత్ర ఆ కొద్దిలోనే ఎంతో నిండుగా ఉంటుంది.

ఒక్కమాట మనస్ఫూర్తిగా చెప్పాలి. ఇది ఆటను అందంగా చూపించే సినిమా. తెలివి ఉంటే గెలవొచ్చు అనే నమ్మకాన్ని ఇస్తుంది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే అలవాటున్న కుర్రాడు ఇంట్లో ఉంటే, వాడి పక్కన కూర్చుని పెట్టే సినిమా మాత్రం ఇది కాదు.

## అన్‌కట్ జెమ్స్: గుండె గట్టిగా ఉంటేనే

జాష్, బెన్నీ సాఫ్డీ అన్నదమ్ములు తీశారు. హాస్య పాత్రలకు పేరుపడిన ఆడమ్ శాండ్లర్ న్యూయార్క్ 47వ వీధిలో నగల వ్యాపారి హోవార్డ్‌గా చేశాడు. కథ నడిచేది 2012లో. ఇథియోపియా నుంచి తెప్పించిన నల్ల ఒపల్ రాయి ఒకటి అతని కష్టాలన్నీ తీరుస్తుందని అతని ఆశ. బాస్కెట్‌బాల్ స్టార్ కెవిన్ గార్నెట్ తన సొంత పాత్రలోనే వచ్చి ఆ రాయి మీద మనసు పడతాడు. తన దగ్గర ఉంచుకుంటానని తీసుకెళ్తూ, హామీగా తన చాంపియన్‌షిప్ ఉంగరం ఇస్తాడు. హోవార్డ్ ఏం చేస్తాడు? గార్నెట్ అటు వెళ్లగానే ఆ ఉంగరాన్ని తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో పందెం కాస్తాడు. వేరేవాళ్లు నమ్మి ఇచ్చిన వస్తువును తాకట్టు పెట్టిన మనిషిని మన చుట్టుపక్కల చూసినవాళ్లకు ఆ సన్నివేశం కడుపులో తిప్పుతుంది.

మాటల వేగం మోలీకి దగ్గర్లోనే ఉంటుంది, రకం వేరు. మోలీలో ఒకరు చెప్పాక ఇంకొకరు చెప్తారు, ప్రతి వాక్యం చెక్కినట్టు ఉంటుంది. ఇక్కడ నలుగురు ఒకేసారి అరుస్తుంటారు, ఫోన్ మోగుతుంటుంది, దుకాణం తలుపు తీసే బజర్ పనిచేయక మనుషులు మధ్యలో ఇరుక్కుపోతారు. సబ్‌టైటిల్స్ అన్నీ చదవాలని పట్టుదలకు పోవద్దు. సగం వదిలేసినా కథ అర్థమవుతుంది, ఆ గోల కూడా కథే. లాయర్లు, జడ్జీలు లేరు. అప్పు ఇచ్చినవాడు బంధువే, పండగ భోజనానికి ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

బీపీ ఉన్నవాళ్లు, రాత్రి నిద్ర పట్టనివాళ్లు పగటిపూట చూడటం మేలు.

## క్యాసినో: మూడు గంటల ఓపిక ఉంటే

మార్టిన్ స్కోర్సెసీ సినిమా. డెబ్బైల లాస్ వేగాస్‌లో మాఫియా డబ్బుతో నడిచే పెద్ద జూదశాల, దాన్ని నడిపే ఏస్ రోత్‌స్టీన్‌గా రాబర్ట్ డి నీరో. జూదశాల ఒక యంత్రంలా ఎలా పనిచేస్తుందో చూడాలంటే దీన్ని మించింది లేదు. నోట్లు లెక్కపెట్టే గదిలోకి ఒక మనిషి వచ్చి, పెట్టె నింపుకుని, ఎవరూ తల ఎత్తి చూడకుండా వెళ్లిపోయే సన్నివేశం ఒక్కటి చాలు.

ఏస్ ఎంత పట్టుదల మనిషంటే, బ్లూబెర్రీ మఫిన్లలో తనకు వచ్చినదాంట్లో పళ్లు తక్కువ, పక్కవాడి దాంట్లో ఎక్కువ ఉన్నాయని వంటగదికి వెళ్లి, ప్రతిదాంట్లో సమానంగా వేయమంటాడు. ఆ పట్టుదలే అతన్ని చట్టం దగ్గర ముంచుతుంది. చేతకాని స్లాట్ మెషీన్ల మేనేజరును ఉద్యోగంలోంచి తీసేస్తాడు. తీరా చూస్తే ఆ మనిషి కౌంటీ కమిషనర్‌కు బావమరిది. కమిషనర్ వచ్చి మర్యాదగా అడిగినా ఏస్ వినడు. తర్వాత గేమింగ్ లైసెన్సు విచారణకు వెళ్లినప్పుడు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లైసెన్సు, బంధుగణం, పరపతి ఎలా ముడిపడతాయో మనకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు, అందుకే మనవాళ్లకు ఈ భాగం బాగా ఎక్కుతుంది.

హింస మాత్రం చాలా ఎక్కువ. జో పెస్కీ ఉన్న కొన్ని సన్నివేశాలు నేను కళ్లు మూసుకునే దాటించాను. పిల్లలతో వద్దు, ఇంట్లో పెద్దవయసువాళ్లతోనూ వద్దు.

## ఓనింగ్ మహోనీ: ఎవరూ చెప్పని సినిమా

ఐదింటిలో తక్కువ మంది చూసింది ఇదే. నేను ఎక్కువమందికి చెప్పేది కూడా ఇదే. టొరంటోలో ఒక బ్యాంకు ఉద్యోగి తప్పుడు లోన్ ఖాతాలతో కోటి డాలర్లకు పైగా తీసి జూదంలో పోసిన నిజం కేసు ఆధారంగా తీశారు. అతను 1982లో పట్టుబడ్డాడు. ఫిలిప్ సేమర్ హాఫ్‌మన్ ఆ ఉద్యోగిగా చేశాడు.

ఇందులో మెరుపులు లేవు. పాత కారు, మాసిన సూటు. కళ్లద్దాలు పెట్టుకుని బల్ల దగ్గర కదలకుండా కూర్చునే మనిషి. అట్లాంటిక్ సిటీలోని జూదశాల మేనేజరు అతనికి ఏది కావాలన్నా ఉచితంగా పంపించడానికి సిద్ధం. అతను అడిగేది సాస్ లేకుండా పక్కటెముకల మాంసం, ఒక కోక్. లక్షలు పోస్తున్న మనిషికి దొరికే సుఖం మొత్తం ఆ ప్లేటు. అతనికి విలాసం అక్కర్లేదు, అమ్మాయిలు అక్కర్లేదు, గెలిచిన డబ్బు కూడా అక్కర్లేదు. ఇంకొక ఆట ఆడటానికి వీలుంటే చాలు. వ్యసనం అంటే ఏమిటో నాకు ఈ సినిమా చూసేదాకా ఇంత సూటిగా తెలియలేదు. చివర్లో కౌన్సెలర్ అడిగే రెండు చిన్న ప్రశ్నలు, వాటికి అతను అంకెల్లో చెప్పే జవాబులు విన్నాక కాసేపు లేవలేకపోయాను.

మీ ఇంట్లో ఎవరైనా ఆటలో కూరుకుపోతున్నారని టెన్షన్ పడుతున్నారా? నీతులు చెప్పే ముందు మీరు ఒక్కరే కూర్చుని దీన్ని చూడండి. ఎదుటి మనిషి డబ్బు కోసమే ఆడుతున్నాడని మనం అనుకుంటాం, ఆ లెక్కతోనే వాదిస్తాం, ఆ వాదన అతనికి తగలదు. ఎందుకు తగలదో ఇక్కడ కనిపిస్తుంది.

## ఇంకా తేల్చుకోలేకపోతే

మాటల కోసమే మోలీ వైపు చూస్తున్నారా, జూదం ఉన్నా లేకపోయినా ఫర్వాలేదా? అయితే సోర్కిన్ రాసిన 'ది సోషల్ నెట్‌వర్క్' (2010) ముందు చూడండి. రెండు దావాల వాంగ్మూలాల మధ్య కథ పరుగెడుతుంది, వేగం అలవాటవుతుంది. ఆ తర్వాత మోలీ చాలా తేలిగ్గా ఎక్కుతుంది.

వారాంతంలో రెండు చూసే వీలుంటే 'రౌండర్స్' మొదట, 'మోలీస్ గేమ్' తర్వాత. మొదటిదాంట్లో ఆట భాష పట్టుబడుతుంది: చేయి పడేయడం అంటే ఏమిటి, ఉత్తి చేతితో బెదిరించడం అంటే ఏమిటి. అది తెలిశాక హార్లన్ కథ రెట్టింపు బలంగా తగులుతుంది. తిరగేసి చూస్తే మోలీలోని బల్ల సన్నివేశాలు సగం జారిపోతాయి. 'క్యాసినో'ను వేరే ఏ సినిమాతోనూ కలపకండి, దానికి ఒక సాయంత్రం మొత్తం కావాలి.

భార్యాభర్తలు కలిసి చూడాలి, ఒకరికి కోర్టు కావాలి, ఇంకొకరికి ఉత్కంఠ కావాలి అంటే మోలీతో ఇద్దరికీ సర్దుబాటు అవుతుంది. కాలేజీ స్నేహితులు నలుగురు చేరితే 'అన్‌కట్ జెమ్స్'. అమెరికా బయట దాన్ని 2020 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసింది. మిగతావి వేదికలు మారుతుంటాయి కాబట్టి వెతుక్కుని చూడాల్సిందే.

ఈ రాత్రికి ఒక్కటే, అది కూడా ఇప్పుడే చెప్పమంటే నేను 'మోలీస్ గేమ్' అనే చెప్తాను. ఫోన్ పక్కగదిలో పెట్టేయండి. సబ్‌టైటిల్స్ ఆన్ చేసి, మొదటి ఐదు నిమిషాలు, అంటే ఆ మంచు కొండ మీద నుంచి ఆమె జారి వచ్చే ఘట్టం అయ్యేదాకా, ఎవరితోనూ మాట్లాడకుండా చూడండి. దాటిపోయిందనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి తిప్పండి.